సైకిల్‌కి ఆర్‌సీ లేదు, లైసెన్స్ లేదు.. అయినా యాక్సిడెంట్ అయితే పరిహారం మీ హక్కు

తెల్లవారకముందే పాలు, పావ్, పేపర్లు వేసేవాళ్లు. పనిముట్ల సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని పనికి పోయే మేస్త్రీలు, పెయింటర్లు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లే వాచ్‌మెన్లు. హైదరాబాద్‌లో రోజూ సైకిల్ తొక్కేది ఎక్కువగా వీళ్లే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చింది, మంచిదే. కానీ చాంద్రాయణగుట్ట, సంతోష్‌నగర్, బహదూర్‌పురా వైపు సైకిల్ మీద పొట్ట పోసుకునేవాళ్లకు ఏ ట్రాకూ లేదు. బస్సు, లారీ, ఆటోల మధ్యలోంచే దారి చూసుకోవాలి.

ఏదైనా బండి గుద్దితే వీళ్లలో చాలామంది ఒకే పని చేస్తారు. "ప్రాణం దక్కింది, షుకర్ హై" అనుకుని, బండివాడు చేతిలో పెట్టిన రెండు మూడు వేలు తీసుకుని ఇంటికి వెళ్లిపోతారు. కాలు విరిగిందని మర్నాడు ఎక్స్‌రేలో తెలుస్తుంది. అప్పటికి బండీ ఉండదు, నంబరూ ఉండదు.

దీని వెనక ఒక అపోహ ఉంది. "నాకు లైసెన్స్ లేదు, సైకిల్‌కి ఇన్సూరెన్స్ లేదు, కొన్న బిల్లు కూడా లేదు. కోర్టులో నా కేసు ఎలా నిలబడుతుంది?" అనే భయం. ఈ భయానికి చట్టంలో ఆధారం లేదు. కేసుకు కావాల్సింది సైకిల్ కాగితాలు కాదు. యాక్సిడెంట్ జరిగిన మొదటి కొన్ని రోజుల్లో తయారయ్యే కాగితాలు. అవేంటో, ఎక్కడ దొరుకుతాయో, వాటితో ఎంత వస్తుందో చూద్దాం.

చట్టం సైకిల్‌ని ఎలా చూస్తుంది?

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మామూలు సైకిల్ 'మోటారు వాహనం' కాదు. కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు. హెల్మెట్ తప్పనిసరి అని చెప్పే 129వ సెక్షన్ కూడా మోటార్‌సైకిళ్లకే. హెల్మెట్ పెట్టుకుంటే తలకి మంచిది, అది వేరే మాట. పెట్టుకోలేదు కాబట్టి పరిహారం లేదు అనడానికి మాత్రం వీల్లేదు.

ఇన్సూరెన్స్ ఉండాల్సింది గుద్దిన బండికి. రోడ్డెక్కే ప్రతి మోటారు బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అని 146వ సెక్షన్ చెబుతోంది. ఆ 'థర్డ్ పార్టీ' అంటే ఎవరో కాదు, మీరే. రోడ్డు మీద నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు. ఆ బండి ఓనరు ఏటా కట్టే ప్రీమియంలో మీ కోసం కట్టింది కూడా ఉంది. అందుకే పరిహారం అడగడం అంటే ఎవరినో బతిమాలడం కాదు.

బండి నడుస్తూ గుద్దితేనే కేసు అని కూడా లేదు. రాత్రిపూట లైట్లు, రిఫ్లెక్టర్లు లేకుండా రోడ్డు మీద ఆపిన లారీకి తగిలి పడ్డా, చూసుకోకుండా కారు డోర్ తీస్తే పడ్డా అది మోటారు వాహనం వాడకం వల్ల జరిగిన ప్రమాదమే అని వాదించొచ్చు. ఏ మోటారు బండి ప్రమేయం లేకుండా, కేవలం గుంతలో పడితే మాత్రం ఈ చట్టం కింద క్లెయిమ్ రాదు. దానికి మున్సిపాలిటీ మీద వేరే దావా వేసుకోవాలి.

మొదటి రోజు చేయాల్సినవి

ముందు 108 లేదా 112కి ఫోన్. గాయపడినవాళ్లని ఆస్పత్రికి చేర్చడం డ్రైవర్ బాధ్యత అని 134వ సెక్షన్ చెబుతోంది. పక్కనున్నవాళ్లు తీసుకెళ్లినా వాళ్లని పోలీసులు, ఆస్పత్రులు ఇబ్బంది పెట్టకూడదని 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. కాబట్టి ఎవరైనా పడి ఉంటే 'మనకెందుకు' అని వెళ్లిపోవద్దు.

ఆస్పత్రిలో "రోడ్డు యాక్సిడెంట్" అని స్పష్టంగా చెప్పండి. అప్పుడే దాన్ని మెడికో లీగల్ కేసుగా రాస్తారు. కేసు అంటే తిరగాలి కదా అని కొందరు "మెట్ల మీద జారి పడ్డాడు" అని చెబుతారు. ఆ ఒక్క వాక్యం ఆస్పత్రి రికార్డులో పడిందంటే, ఏడాది తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ అదే కాగితం జడ్జి ముందు పెడతాడు.

కుదిరితే అక్కడే ఫోటోలు తీయండి, లేదా ఎవరినైనా తీయమనండి. బండి నంబర్ ప్లేట్, రోడ్డు, సైకిల్ పడిన తీరు కనిపించాలి. చూసినవాళ్లు ఇద్దరి ఫోన్ నంబర్లు రాసుకోండి. ఎదురుగా షాపులో సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజీ తీసుకోమని పోలీసులకు అదే రోజు చెప్పండి. చాలా షాపుల్లో పాత రికార్డింగ్ కొన్ని రోజులకే చెరిగిపోతుంది. వంగిపోయిన సైకిల్‌ని పాత ఇనుముకి అమ్మేయొద్దు, అదీ సాక్ష్యమే.

రోడ్డు మీద రాజీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. "తప్పు నాదే, నాకు ఏ ఫిర్యాదూ లేదు" అని రాసిన తెల్ల కాగితం ఇన్సూరెన్స్ కంపెనీకి ఆయుధం అవుతుంది.

ఎఫ్‌ఐఆర్ లేకుండా ముందుకు పోవడం కష్టం

నిర్లక్ష్యంగా బండి నడపడం భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద నేరం. దాని వల్ల గాయమైతే 125వ సెక్షన్ కూడా వస్తుంది. ఎముక విరిగినా, కీలు తప్పినా, 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, లేదా రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది చట్టం దృష్టిలో 'తీవ్ర గాయం'. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద డబ్బు లెక్కలో మళ్లీ వస్తుంది.

గాయపడిన వ్యక్తే స్టేషన్‌కి వెళ్లాలని లేదు. ఇంట్లోవాళ్లు ఫిర్యాదు ఇవ్వొచ్చు. "ఇది మా లిమిట్స్ కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. అది ఏ స్టేషన్‌లో అయినా నమోదు చేయాలి. రాసింది చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇవి రెండూ మీ హక్కులు. తెలుగు చదవడం రానివాళ్లు మొహమాటపడకుండా "పఢ్ కే సునావ్ సాబ్" అనండి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండో అధికార భాష.

అసలు కేసే తీసుకోకపోతే ఫిర్యాదుని రాతపూర్వకంగా ఎస్పీకి, సిటీలో అయితే డీసీపీకి, పోస్టులో పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆస్పత్రిలో ఉండటం వల్ల ఫిర్యాదు ఆలస్యమైతే కంగారు పడొద్దు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యం అనే ఒక్క కారణంతో క్లెయిమ్‌ని అనుమానించకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పోలీసుల పని ఎఫ్‌ఐఆర్‌తో అయిపోదు. 48 గంటల్లో ట్రిబ్యునల్‌కి, ఇన్సూరెన్స్ కంపెనీకి మొదటి రిపోర్టు పంపాలి. పది రోజుల్లో బాధితులకు వాళ్ల హక్కుల గురించిన ఫారం ఇవ్వాలి. 90 రోజుల్లో పూర్తి వివరాల రిపోర్టు ట్రిబ్యునల్‌కి చేరాలి. ఆ రిపోర్టునే ట్రిబ్యునల్ క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకోవచ్చు. మీ కేసు చూసే ఎస్ఐని "సార్, డీఏఆర్ పంపారా?" అని అడగండి. అడిగినవాళ్ల ఫైల్ త్వరగా కదులుతుంది.

ఆస్పత్రి బిల్లు సంగతి

2025 మేలో కేంద్రం నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. మోటారు బండి వల్ల ప్రమాదం జరిగితే, గుర్తింపు పొందిన ఆస్పత్రిలో ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి 1.5 లక్షల దాకా చికిత్స ఉచితం. గుద్దిన బండి దొరక్కపోయినా వర్తిస్తుంది. అడ్మిట్ అయ్యేటప్పుడే "ఈ స్కీమ్ ఇక్కడ ఉందా?" అని కౌంటర్‌లో అడగండి. పోలీసులకు సమాచారం వెళ్లడం దీనికీ అవసరమే.

సొంత డబ్బు పెడితే ప్రతి బిల్లూ దాచండి. మందుల చీటీలు, ఎక్స్‌రే, స్కానింగ్, డిశ్చార్జ్ సమ్మరీ, ఆస్పత్రికి తిరిగిన ఆటో ఖర్చు, అన్నీ. థర్మల్ ప్రింట్ బిల్లులు కొన్ని నెలల్లో తెల్లబడిపోతాయి, వాటిని వెంటనే జిరాక్స్ తీసి పెట్టండి.

పరిహారానికి మూడు దారులు

మొదటిది 166వ సెక్షన్. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. డ్రైవర్ తప్పు ఉందని చూపించాలి. దీనికి పరిమితి లేదు, నష్టం ఎంతుంటే అంత అడగొచ్చు. క్రిమినల్ కేసులా 'అనుమానానికి తావులేని' రుజువు అక్కర్లేదు. జరిగే అవకాశం ఎటువైపు ఎక్కువుందో చూసి తేలుస్తారు. క్రిమినల్ కేసులో డ్రైవర్ బయటపడినంత మాత్రాన ఇక్కడ మీ కేసు పోదు.

రెండోది 164వ సెక్షన్. ఇందులో ఎవరిది తప్పు అనే చర్చ లేదు. తీవ్ర గాయమైతే 2.5 లక్షలు, ప్రాణం పోతే 5 లక్షలు. మొత్తం ఖాయం, కానీ అంతే. ఈ దారిలో ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన డబ్బు ఒప్పుకుని తీసుకుంటే 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి ముందు లెక్క వేసుకోవాలి.

మూడోది 161వ సెక్షన్, హిట్ అండ్ రన్ కేసులకు. బండి దొరక్కపోతే తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దీనికి కోర్టు కాదు, రెవెన్యూ ఆఫీసుకు వెళ్లాలి. ఆర్డీవో లేదా తహసీల్దార్ స్థాయి అధికారి విచారణ చేసి కలెక్టర్‌కి పంపుతారు, కలెక్టర్ మంజూరు చేస్తారు. తర్వాత బండి దొరికి, వేరే పరిహారం వస్తే ఈ మొత్తాన్ని తిరిగి సర్దుబాటు చేస్తారు.

ఆర్టీసీ బస్సు గుద్దితే చాలా కేసుల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఉండదు, కార్పొరేషన్ మీదే పిటిషన్ వేస్తారు. అద్దె బస్సు అయితే దాని ఓనర్‌ని, ఇన్సూరెన్స్ కంపెనీని కూడా చేర్చాలి. డ్యూటీలో ఉండగా, అంటే యజమాని పని మీద సైకిల్‌పై వెళ్తుండగా జరిగితే, కార్మికుల పరిహార నిబంధనల కింద కూడా అడగొచ్చు. కానీ రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

లెక్క ఎలా వేస్తారు?

ఇది అర్థమైతే రోడ్డు మీద మూడు వేలకు రాజీ పడటం ఎంత నష్టమో తెలుస్తుంది. ఒక 38 ఏళ్ల మేస్త్రీ అనుకుందాం. నెలకు 15,000 సంపాదన. కాలు విరిగి, పని చేసే సామర్థ్యం 30 శాతం శాశ్వతంగా తగ్గింది.

ఏడాది ఆదాయం 1,80,000. 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తులో ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలుపుతారు. ఇది 2017లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పెట్టిన లెక్క. గాయాల కేసులకూ వర్తిస్తుందని 2020లో చెప్పింది. అప్పుడు 2,52,000. దీన్ని వయసుని బట్టి ఉండే మల్టిప్లయర్‌తో గుణిస్తారు. 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకు అది 15. వచ్చేది 37,80,000. అందులో 30 శాతం అంటే 11,34,000.

ఇది సంపాదన నష్టం మాత్రమే. చికిత్స ఖర్చు, మంచాన ఉన్న నెలల కూలి, చూసుకున్న మనిషి ఖర్చు, నొప్పి, బాధ, ముందు ముందు కావాల్సిన ఆపరేషన్, ఇవన్నీ వేరేగా కలుస్తాయి. పైన వడ్డీ. పాడైన సైకిల్ ఖరీదు కూడా అడగొచ్చు. అందరికీ ఇంత వస్తుందని కాదు, వయసు, ఆదాయం, వైకల్యం మారితే లెక్క మారుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డాక్టర్ రాసే వైకల్య శాతం, సంపాదన తగ్గిన శాతం ఒకటి కావు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉదాహరణే చూడండి. ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే. అదే ప్రభుత్వ ఆఫీసులో క్లర్క్ అయితే ఉద్యోగం కొనసాగవచ్చు. అందుకే మీరు ఏం పని చేసేవారో, ఇప్పుడు ఏం చేయలేకపోతున్నారో పిటిషన్‌లో వివరంగా రాయించాలి. "కాలికి 30 శాతం వైకల్యం" అంటే సరిపోదు. "పరంజా ఎక్కలేడు, సిమెంట్ బస్తా మోయలేడు, సైకిల్ తొక్కలేడు" అని ఉండాలి. వైకల్య సర్టిఫికెట్ ప్రభుత్వ మెడికల్ బోర్డు నుంచి తీసుకుంటే బలం.

జీతం స్లిప్ లేనివాళ్ల పరిస్థితి?

రోజు కూలీకి పే స్లిప్ ఎక్కడిది? కర్ణాటకకు చెందిన ఒక కూలీ కేసులో 2011లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. అతను నెలకు 4,500 సంపాదిస్తానని చెప్పాడు, కాగితం లేదు. అప్పటి కూలి రేట్లు చూస్తే అది నమ్మదగ్గ మొత్తమే, కాగితం లేదని తగ్గించక్కర్లేదని కోర్టు ఒప్పుకుంది. మీరు కూడా నమ్మదగ్గ ఆదాయమే చెప్పండి. మేస్త్రీ, కాంట్రాక్టర్, కారిగర్‌ని పనిలో పెట్టుకున్న సేట్ వచ్చి సాక్ష్యం చెబితే ఇంకా మంచిది. ఫోన్‌పే, గూగుల్ పేలో వచ్చిన కూలి డబ్బుల స్టేట్‌మెంట్ కూడా పనికొస్తుంది.

ఎదుటివైపు ఏమంటారు?

"సైకిల్‌వాడే రాంగ్ సైడ్‌లో వచ్చాడు", "రాత్రి లైట్ లేదు", "ఒక్కసారిగా అడ్డం తిరిగాడు". ఈ మూడే ఎక్కువగా వస్తాయి. మీ తప్పు కొంత ఉందని తేలినా కేసు మొత్తం పోదు. 25 శాతం మీదైతే 25 శాతం తగ్గిస్తారు. పోలీసులు గీసే ఘటనా స్థలం స్కెచ్‌లో సైకిల్ ఎక్కడ ఉందో సరిగ్గా పడిందా లేదా చూసుకోండి. ఈ వాదన మొత్తం దాని మీదే నడుస్తుంది. వెనక ఒక రిఫ్లెక్టర్, ముందు ఒక చిన్న లైట్ పెట్టుకోవడం ప్రాణానికీ మంచిది, కేసుకీ మంచిది.

డ్రైవర్‌కి లైసెన్స్ లేదని కంపెనీ చేతులెత్తేస్తే? అలాంటి చాలా కేసుల్లో ముందు బాధితుడికి కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పాయి. బండికి ఇన్సూరెన్సే లేకపోతే ఓనర్ కట్టాలి.

గడువు, కోర్టు, వకీల్

యాక్సిడెంట్ జరిగిన ఆరు నెలల లోపు పిటిషన్ వేయాలని 166వ సెక్షన్‌లో ఉంది. ఈ నిబంధనని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. ఆలస్యం అనే కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబర్‌లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆరు నెలలు దాటినవాళ్లు ఆశ వదులుకోవద్దు. దాటనివాళ్లు దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

పిటిషన్ ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీరు ఉండే చోట కూడా వేయొచ్చు. నిజామాబాద్ నుంచో కర్నూలు నుంచో పనికి వచ్చి సిటీలో దెబ్బ తిన్నవాళ్లు సొంత జిల్లా కోర్టులో వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో ఈ కేసులు నడుస్తాయి.

ఫీజు కట్టలేమనే బెంగ అక్కర్లేదు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ప్రతి జిల్లా కోర్టులో వాళ్ల ఆఫీసు ఉంటుంది. టోల్ ఫ్రీ నంబర్ 15100. లోక్ అదాలత్‌లో కేసు త్వరగా తేలుతుంది, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీల్ ఉండదు. మొత్తం సరిపోయిందో లేదో చూసుకుని ఒప్పుకోండి. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లొచ్చు.

ఆస్పత్రి వార్డుల్లో "వచ్చిన దాంట్లో సగం మాకు" అంటూ తిరిగే మధ్యవర్తులు ఉంటారు. వచ్చే పరిహారంలో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్లకు నిషేధం. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టొద్దు.

పేరు ఒక్కలా ఉందా?

మన ఇళ్లలో ఎక్కువగా వచ్చే చిక్కు ఇది. ఆధార్‌లో 'మొహమ్మద్', ఆస్పత్రిలో 'ఎండీ', ఎఫ్‌ఐఆర్‌లో 'మహ్మద్', బ్యాంకు పాస్‌బుక్‌లో అసలు ఆ ముక్కే ఉండదు. ఆడవాళ్ల పేర్ల చివర ఒక చోట 'బేగం', ఇంకో చోట 'బీ'. అందరం ఒకరే అని మనకి తెలుసు, కానీ కాగితానికి తెలియదు. పరిహారం నేరుగా బ్యాంకు ఖాతాలో పడాలి కాబట్టి పేరు తేడా ఉంటే తీర్పు వచ్చాక కూడా డబ్బు ఆగుతుంది. ఆస్పత్రిలో పేరు రాయించేటప్పుడే ఆధార్ చూపించి అదే స్పెల్లింగ్ రాయమనండి. అప్పటికే తేడా పడితే లాయర్‌కి మొదటి రోజే చెప్పండి, అఫిడవిట్‌తో సరిచేయొచ్చు.

ఇంట్లో ఎవరైనా సైకిల్ మీద పనికి వెళ్తుంటే ఈ రెండు ముక్కలు వాళ్లకి చెప్పి ఉంచండి: ఆస్పత్రిలో నిజం చెప్పాలి, రోడ్డు మీద సంతకం పెట్టకూడదు. మిగతావన్నీ తర్వాత అడిగి తెలుసుకోవచ్చు, ఈ రెండూ చేజారితే వెనక్కి రావు.